బంతి చేసిన సేవ

పోయిన నెల మా ఊరికి సేవ వచ్చింది. హనుమకొండ వైపు నుంచి, ఏసీ బస్సులో. ఒక విశ్వవిద్యాలయం స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ విద్యార్థులు సర్వీస్ లెర్నింగ్‌కి, అంటే జనానికి సేవ చేస్తూ చదువు నేర్చుకోవడానికి, దిగారు. యూజీసీ లెక్కలో ఇలాంటి కోర్సుకు 2 క్రెడిట్లు, 30 గంటలు, అందులో కనీసం సగం జనంలో గడపాలి. చురుకైన పిల్లలు, ఆ సగాన్ని ఒక్కపూటలో ముగించారు.

ముందు ఫ్లెక్సీ కట్టారు. ఆడవాళ్ల కబడ్డీ కోర్టు పొడవు 12 మీటర్లు. ఫ్లెక్సీ దానికేం తీసిపోలేదు. తర్వాత శాలువాలు, మా పీఈటీ సారుకు తప్ప అందరికీ. మైకు పట్టిన ప్రతివాడూ దీప్తి జీవాంజిని తలిచాడు. పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల కాంస్యం. ఆమె ఆ దూరం నిమిషంలోపే పరుగెత్తుతుంది. వీళ్లు ఆమె గురించి మాట్లాడటానికి గంటన్నర పట్టింది.

ఇక బంతి. కొత్త వాలీబాల్, ఒక్కటే. ఆరో తరగతి పోరని చేతిలో పెట్టి, ఇరవై మంది చుట్టూ నిలబడి నవ్వారు. జియోట్యాగ్ ఫొటో పడింది. అక్షాంశ రేఖాంశాలతో సహా సేవ రుజువైంది, రేపు విశ్వవిద్యాలయాల నాణ్యత చూసే నాక్ బృందం వచ్చినా ఢోకా లేదు. వాడు బంతి చంకలో పెట్టుకుని నాలుగడుగులు వేశాడో లేదో...

“తమ్మీ, బాల్ ఇటియ్యి. పక్కూర్ల గూడ ఫొటో దిగాలె.”

“నాకిచ్చిండ్రు గదన్నా?”

“ఇచ్చినం గనీ... ఇయ్యలే.”

వాడు వదల్లేదు. ఈవెంట్ మేనేజ్‌మెంట్ చదివేవాడు ఒక చెయ్యి, మార్కెటింగ్ చదివేవాడు ఇంకో చెయ్యి పట్టుకుని లాగారు. ఆ రోజు ఊళ్లో జరిగిన ఆట అదొక్కటే. గెలిచిన బంతి బస్సెక్కింది. సాయంత్రానికి మూడు ఊళ్లకు సేవ చేసిందట. న్యాయంగా ఆ 2 క్రెడిట్లు బంతికి పడాలి.

సేవ అందుకునేవాళ్ల చేతిలోనే దాని పగ్గాలుండాలని, ఈ సర్వీస్ లెర్నింగ్‌కు సూత్రాలు చెప్పిన రాబర్ట్ సిగ్మన్ 1979లోనే మొదటి సూత్రంగా రాశాడు. మావాడి చేతిలో బంతినే ఉండనివ్వలేదు.

ఆడపిల్లలు గ్రౌండుకు ఎందుకు రాలేదని ఒక్కరైనా అడిగారా? అక్కడ మూత్రశాల లేదు. 2022లో క్రీడా ప్రాంగణమని బోర్డు పాతారు, ఇప్పుడు దాని కింద మిరపకాయలు ఆరుతున్నాయి. గ్రౌండు తాళంచెవి ఎవరి దగ్గరుంది, వల చిరిగితే డబ్బులెవరివి, పిల్లకు పీరియడ్స్ వస్తే ఎక్కడికి పోవాలి? ఇదేనయ్యా మేనేజ్‌మెంట్! ఫీజులు కట్టించుకుని మీరు నేర్పాల్సింది ఇదే! మీ విద్యార్థుల్ని నేనేమీ అనను. మార్కులు వేసేది మీరు, ఫొటో అడిగింది మీరు.

ప్రొఫెసర్ గారూ, ముందు ఆ బంతి తెచ్చియ్యండి. ఫొటో మేమే తీసి పంపిస్తాం.