నవలకు దక్కిన మర్యాద

సినిమావాళ్ళు రచయితలకి అన్యాయం చేస్తారని మన సాహిత్యాభిమానులు అస్తమానం సణుగుతుంటారు. వాళ్ళు హాలీవుడ్ సినిమా ‘సైకో’ సంగతి తెలుసుకుంటే నోరు మెదపరు.

దానికి మూలమైన రాబర్ట్ బ్లాక్ గారి నవల 1959లో వచ్చింది. దర్శకుడు హిచ్‌కాక్ గారికి తెగ నచ్చింది. నచ్చిన మాట బయటపెడితే రచయితకి గర్వం వస్తుంది, రేటూ పెరుగుతుంది. అందుకని కొనేది ఎవరో చెప్పకుండానే బేరం నడిపించి, 10,000 డాలర్ల లోపే హక్కులు రాయించుకున్నారు. లాభాల్లో వాటా ఊసే లేదు. ఆ వచ్చినదాంట్లో కూడా ఏజెంటు వంతు, ప్రచురణకర్త వంతు పోగా మిగిలిందే రచయితది. కథలో గుమాస్తా అమ్మాయి ఆఫీసు నుంచి పట్టుకుపోయింది మాత్రం 40,000 డాలర్లు! కన్నతండ్రిని మించిపోయిన పాత్ర అంటే ఇదీ.

ముగింపు ఎవరికీ తెలియకూడదని, బజార్లో దొరికిన కాపీలన్నీ హిచ్‌కాక్ గారే కొనిపించారని చెబుతారు. ఒక్కడూ చదవకుండా పుస్తకం మొత్తం అమ్ముడుపోవడం! సొంత డబ్బులతో వెయ్యి కాపీలు వేసుకుని, చుట్టాలకి పంచగా మిగిలినవి అటకెక్కించిన తెలుగు రచయితని అడగండి, అదెంత అదృష్టమో చెబుతాడు.

ఇక నవలకి కట్టుబడటం గురించి. పుస్తకంలో, ఆ అమ్మాయి దిగిన మోటెల్ నడిపే నార్మన్ బేట్స్‌కి నలభై ఏళ్ళు, భారీకాయం, కళ్ళజోడు, మందు అలవాటు. తెరమీద సన్నగా, సిగ్గుపడుతూ, చూస్తేనే జాలేసే ఆంథొనీ పెర్కిన్స్. చిన్న మార్పే లెండి, మనిషి మారాడంతే. నవలలో షవర్ కింద ఒక్క వేటుకి ఆ గుమాస్తా అమ్మాయి తల తెగుతుంది. సినిమాలో ముప్పావు నిమిషం హత్య కోసం వారం రోజులు షూటింగ్ చేసి, నెత్తురు బదులు చాక్లెట్ సిరప్ పారించినా, తల మాత్రం తెగలేదు. జనం అయినా హడలిపోయారు. వాళ్ళు నవల చదవలేదు కదా, పాపం.

డబ్బు విషయంలో హిచ్‌కాక్ గారి త్యాగం కూడా చెప్పుకోవాలి. పారమౌంట్ స్టూడియో వాళ్ళు పెట్టుబడికి వెనకాడితే ఆయన తన పారితోషికమే వదులుకున్నారు. బదులుగా సినిమాలో 60 శాతం వాటాతో సరిపెట్టుకున్నారు.

1960లో విడుదలైనప్పుడు, ఆట మొదలయ్యాక ఎవర్నీ లోపలికి రానివ్వొద్దని థియేటర్లకి ఆర్డరు వేశారు. హీరోయిన్ సగంలోనే చనిపోతుంది కాబట్టి, ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఆమె కోసం వెతుక్కుంటారని పైకి చెప్పిన కారణం. టైటిల్స్‌లో పడే బ్లాక్ గారి పేరు ఏ ఒక్కరూ మిస్ కాకూడదనే అలా చేశారని నా గట్టి నమ్మకం.