అద్దె కట్టకపోతే మీ అన్నయ్య మిమ్మల్ని ఖాళీ చేయిస్తాడా?

ఈ ప్రశ్న నన్ను అడిగింది చుట్టాలు కాదు, ఇంగ్లండులో ఇంటి అద్దెకి ప్రభుత్వ సాయమిచ్చే బెనిఫిట్ ఆఫీసు నుంచి ఫోన్ చేసినావిడ. మర్యాదగానే అడిగింది. నేను పొయ్యి మీద పప్పు పడేసి, ఫోన్ స్పీకర్‌లో పెట్టి, తాలింపులోకి ఎండుమిరపకాయలు తుంచుతున్నాను. "వరసగా రెండు నెలలు మీరు అద్దె కట్టలేదనుకోండి, అప్పుడు మీ అన్నయ్య ఏం చేస్తాడు? ఇల్లు ఖాళీ చేయమంటాడా?"

నాకు రోషం వచ్చింది. మా అన్నయ్యని ఏమనుకుంటోంది ఈవిడ? "అబ్బే, మా అన్నయ్య అలాంటి మనిషి కాదండీ, నన్నెందుకు వెళ్ళగొడతాడు?" అన్నాను, కాస్త గర్వంగానే. అవతల కీబోర్డు టకటకలాడింది. రెండు వారాలు తిరక్కుండా నా క్లెయిమ్ తాలూకు ఆన్‌లైన్ పేజీలో, జర్నల్ అంటారు, ఉత్తరం పడింది. ఇంటి అద్దె కింద నాకు రావలసింది సున్నా.

ఇదంతా ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, మొన్న ఇక్కడ ఒకరింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్తే, ప్రసాదం చేతిలో పెడుతూ ఒకావిడ అంది: "నీకేంటమ్మా, అన్న ఇల్లు, గవర్నమెంటు డబ్బు." పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు.

సంగతి మొదటి నుంచి చెప్తాను. మేముండేది ఇంగ్లండులో, మిడ్‌ల్యాండ్స్ వైపు ఒక ఊళ్ళో. అన్నయ్య నాకంటే చాలా ముందు వచ్చాడు, రెండు బెడ్రూముల ఇల్లు కొన్నాడు. ఉద్యోగం వేరే ఊరికి మారాక దాని లోనుని బై-టు-లెట్ లోనుకి, అంటే అద్దెకిచ్చే ఇళ్ళ మీద ఇచ్చే లోనుకి మార్చి, ఏజెంటు ద్వారా అద్దెకిచ్చేవాడు. 2022లో నేనూ మా ఆయనా విడిపోయాం. నేనూ, నా కూతురూ, నాలుగు సూట్‌కేసులు. సరిగ్గా అప్పుడే అన్నయ్య ఇంట్లో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేశారు. ఏజెంటు 950 పౌండ్లు వస్తుందన్నాడు. అన్నయ్య నాకు 850కి ఇచ్చాడు. ఏజెంటు కమీషన్ మిగులుతుంది, ఇల్లు ఖాళీగా ఉండదు, సరిపోతుంది అన్నాడు.

అక్కడ వదిన నోరు విప్పింది. "అగ్రిమెంటు రాసుకుందాం వదినా. డిపాజిట్ కూడా అద్దె డిపాజిట్లు భద్రంగా ఉంచే స్కీములో వేద్దాం."

ఆ మాటకి ఇంట్లో ఎంత గొడవైందో! అమ్మ ఏలూరు నుంచి ఫోన్లో ఏడ్చింది. "తోడబుట్టినదాని దగ్గర అద్దె తీసుకోవడమే పాపం, పైగా కాగితాలా? కట్టుకున్నది నేర్పితే వీడు తలూపుతున్నాడు." నేను కూడా మనసులో వదినని నానా మాటలూ అనుకున్నాను. చీర పెట్టి పంపాల్సిన ఆడపడుచు చేత సంతకం పెట్టించుకుంటుందా అని. పెట్టాను. ప్రతి పేజీ కింద పొడి అక్షరాలు కూడా వేయించింది మహాతల్లి.

ఆ ఏడాదంతా నేను ఫుల్ టైమ్ ఉద్యోగం చేశాను. ఒకటో తారీఖున 850 పౌండ్లు, బ్యాంకు నుంచి బ్యాంకుకి, రెఫరెన్స్ దగ్గర 'రెంట్' అని రాసి మరీ. 2023 చివర్లో మా కంపెనీలో మనుషుల్ని తీసేశారు, అందులో నేనూ ఒకదాన్ని. బళ్ళో పార్ట్ టైమ్ పని దొరికింది గానీ ఆ జీతంతో అద్దె కడితే తిండికి ఉండదు. ఇంగ్లండులో పదిహేనేళ్ళుగా పన్ను కట్టినదాన్ని, పౌరసత్వం ఉన్నదాన్ని, క్లెయిమ్ పెట్టాను. (వీసా మీద ఉన్న పిల్లలు ఎవరైనా చదువుతుంటే, ఇది మీకు కాదు నాయనా. 'నో రికోర్స్ టు పబ్లిక్ ఫండ్స్', అంటే ప్రభుత్వ సాయం తీసుకోకూడదన్న షరతు ఉన్నంతకాలం దీని జోలికి వెళ్ళకండి, వీసాకే చేటు.)

ఈ అద్దె సాయాన్ని మనవాళ్ళు ఇంకా హౌసింగ్ బెనిఫిట్ అనే అంటారు గానీ, పని చేసే వయసువాళ్ళకి ఇప్పుడది తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకిచ్చే యూనివర్సల్ క్రెడిట్‌లో ఒక భాగం. పాత పేరుతో ఎక్కువగా పింఛను వయసు దాటినవాళ్ళకే మిగిలింది. పేరేదైనా రూలు ఒకటే, 2006 నాటి హౌసింగ్ బెనిఫిట్ రూల్స్ చూసినా, 2013 నాటి యూనివర్సల్ క్రెడిట్ రూల్స్ చూసినా. సొంతవాళ్ళ ఇంట్లో అద్దెకుండటం తప్పని ఎక్కడా లేదు. ఆ సొంతవాళ్ళు అదే ఇంట్లో మీతో కలిసి ఉంటే మాత్రం రాదు. వేరే ఉంటే రావచ్చు, కానీ ఆ అద్దె కమర్షియల్‌గా ఉండాలి. అంటే బయటివాడికిచ్చినట్టు ఇవ్వాలి, బయటివాడి దగ్గర తీసుకున్నట్టు తీసుకోవాలి. బెనిఫిట్ కోసమే అల్లిన అద్దె అని తేలితే అసలుకే ఎసరు. మార్కెట్ కంటే కొంచెం తక్కువ తీసుకున్నంత మాత్రాన కొట్టేయకూడదు. ఇవన్నీ నాకు ఆ సున్నా వచ్చాకే తెలిశాయి.

ఇక్కడో తమాషా చెప్పాలి. 'సొంతవాళ్ళు' అంటే ఎవరో ఒక జాబితా ఉంది. అమ్మానాన్నలు, అత్తమామలు, కొడుకులు, కూతుళ్ళు, అల్లుళ్ళు, కోడళ్ళు, సవతి తల్లిదండ్రులు, సవతి పిల్లలు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, వాళ్ళ భార్యలు, భర్తలు. అంతే. పిన్ని లేదు, బాబాయి లేడు, పెదనాన్న కొడుకు లేడు. నాకు తెలిసిన ఒకమ్మాయి బాబాయి కొడుకు ఇంట్లోనే ఒక గది అద్దెకి తీసుకుంది. ఫారంలో ఇంటి ఓనరు మీకేమవుతారు అంటే 'బ్రదర్' అని రాసింది. మనకి అంతే కదా, బాబాయి కొడుకు తమ్ముడు కాక ఇంకేమవుతాడు? క్లెయిమ్ పోయింది. బ్రదర్ కాదు మొర్రో కజిన్ అని, ఇద్దరి తండ్రుల పేర్లూ వేరు చూడండని, పాస్‌పోర్టులూ బర్త్ సర్టిఫికెట్లూ పట్టుకుని మూడు నెలలు తిరిగింది. ఆ తమ్ముడు మధ్యలో అలిగాడు కూడా, "ఏంటక్కా, నేను నీ తమ్ముణ్ణి కాదని రాసిచ్చావా" అని. వరసలు కలుపుకుని బతికే జాతికి ఒక్క ఇంగ్లీషు ముక్క ఎంత పని చేసిందో చూడండి.

సరే, వ్రతంలో ఆవిడ అన్న మాటకి వద్దాం. గవర్నమెంటు డబ్బు అన్న జేబులోకి పోతోందట. అన్నయ్య లెక్క చెప్తాను వినండి. 2021 డిసెంబరు మొదట్లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ వడ్డీ రేటు 0.1 శాతం. 2023 ఆగస్టుకి 5.25 శాతం. అన్నయ్య లోను మీద వడ్డీ మారకుండా ఉండే ఫిక్స్‌డ్ గడువు సరిగ్గా ఆ మధ్యలో అయిపోయింది. నెల వాయిదా రెండింతలు దాటింది. పోనీ కట్టిన వడ్డీ అద్దెలోంచి తీసేసి మిగతాదానికి పన్ను కట్టొచ్చా అంటే, సొంత పేరు మీద ఇల్లున్నవాళ్ళకి 2020 ఏప్రిల్ నుంచి అదీ లేదు. అన్నయ్యలా 40 శాతం పన్ను కట్టేవాళ్ళకైతే వడ్డీ తీసేయకుండానే అద్దె ఆదాయం మీద 40 శాతం లెక్కేసి, వడ్డీకి 20 శాతం చొప్పున మాత్రమే తగ్గిస్తారు. ఏటా గ్యాస్ సర్టిఫికెట్, బాయిలర్ రిపేరు, ఇన్సూరెన్సు సరేసరి. బై-టు-లెట్ ఇంట్లో సొంతవాళ్ళని పెట్టకూడదని చాలా బ్యాంకులు షరతు పెడతాయి కాబట్టి, నా కోసం బ్యాంకుని అడిగి రాతపూర్వకంగా ఒప్పుదల తెచ్చుకున్నాడు. నేనిచ్చే 850లో అన్నయ్యకి మిగిలేది ఏమీ లేదు. కొన్ని నెలలు చేతి నుంచే పడింది.

నా సున్నా తర్వాత మారింది లెండి, అయినా నాకొచ్చేది పూర్తి అద్దె కాదు. ఆ ప్రాంతంలో చవకగా దొరికే 30 శాతం ఇళ్ళ అద్దె ఎంత ఉంటుందో అంతవరకే ఇస్తారు. ఆ లెక్క కూడా 2020 నుంచి 2024 ఏప్రిల్ దాకా కదల్లేదు. మిగతాది నా జీతంలోంచే. ఇదే నేను ముక్కూమొహం తెలియనివాడి ఇంట్లో 950కి ఉండి ఉంటే, అగ్రిమెంటు చూసి, అద్దె సరిచూసి ఇచ్చేసేవాళ్ళు. వాడి మంచితనం గురించి ఎవరూ అడిగేవాళ్ళు కాదు.

మనవాళ్ళలో దొంగ అగ్రిమెంట్లు లేవా అంటే, ఉన్నాయి. 1,100 అని రాసుకుని 300 వెనక్కి తీసుకునేవాళ్ళని ఎరుగుదును. అందరూ ఒకే కప్పు కింద ఉంటూ రెండిళ్ళని చూపించేవాళ్ళనీ ఎరుగుదును. వాళ్ళని వెనకేసుకురాను. వాళ్ళు తిన్నదానికి మాలాంటివాళ్ళం గంటలకి గంటలు జవాబు చెప్పుకుంటున్నాం.

కానీ హైదరాబాదులో ఉన్న మా తమ్ముడు నీతులు చెప్తే మాత్రం ఒళ్ళు మండింది. "అక్కా, బెనిఫిట్లంటే అడుక్కోవడమే కదా, మన ఇంటావంటా ఉందా?" అన్నాడు. వాడుండేది నిజాంపేటలో నాన్న కట్టించిన ఇంట్లో, పై పోర్షన్లో. ఏటా జనవరిలో ఆఫీసులో ప్రూఫులు అడగ్గానే నాన్న చేత పన్నెండు రసీదులు ఒకేసారి సంతకం చేయిస్తాడు, నెలకి పాతిక వేలు అద్దె అని. హెచ్చారే, అంటే జీతంలో ఇచ్చే ఇంటద్దె భత్యం మీద పన్ను మినహాయింపు కోసం. ఆదాయపు పన్నులో ఈ మినహాయింపు ఉన్న పాత రెజీమ్ వదలకపోవడానికి కారణమే అది. నాన్న ఖాతాలో ఒక్క రూపాయి పడదు. అదేమంటే ట్యాక్స్ ప్లానింగ్ అట!

నాన్నకి అద్దె కట్టడం తప్పు కాదురా అని వాడికి నేనే చెప్పాను. ఇల్లు నాన్న పేరున ఉండి, నిజంగా బ్యాంకులో వేసి, ఏడాదికి లక్ష దాటితే ఆయన పాన్ ఇచ్చి, ఆయన తన రిటర్నులో చూపించుకుంటే అది శుభ్రమైన లెక్క. ఆయనకి 30 శాతం తగ్గింపు కూడా ఉంది. వేయకుండా వేశానని రాస్తేనే దొంగతనం. 2017లో ముంబై ఇన్‌కమ్ ట్యాక్స్ ట్రైబ్యునల్, తల్లికి నగదుగా అద్దె ఇచ్చానన్న ఒకామె క్లెయిమ్‌ని కొట్టేసింది, ఇచ్చినట్టు ఆధారం ఏదని. కట్టిన అద్దెకి సాయం అడిగిన నాది అడుక్కోవడం, కట్టని అద్దెకి మినహాయింపు తీసుకున్న వాడిది తెలివి. వాడు ఆ రోజు ఫోన్ పెట్టేశాడు. సంక్రాంతికి మళ్ళీ మాట్లాడాడు లెండి.

నా సున్నా సంగతి. తప్పని చెప్పుకోవడానికి నెల రోజులు గడువు, మాండేటరీ రీకన్సిడరేషన్ అంటారు. దానికీ వినకపోతే ట్రైబ్యునల్. కాగితాలు సర్దడానికి కూర్చున్నప్పుడు, నేను తిట్టుకున్న వదిన కాగితాలే ఒక్కొక్కటీ పైకొచ్చాయి. అగ్రిమెంటు. డిపాజిట్ స్కీము సర్టిఫికెట్. గ్యాస్ సర్టిఫికెట్లు రెండేళ్ళవి. నాకంటే ముందున్నవాళ్ళ అగ్రిమెంటు. అన్నిటికంటే ముఖ్యంగా, క్లెయిమ్ పెట్టకముందు, ఉద్యోగం ఉన్న రోజుల్లో, పధ్నాలుగు నెలలు నేను కట్టిన అద్దె, స్టేట్‌మెంట్లలో. బెనిఫిట్ కోసమే అల్లామంటే ఆ పధ్నాలుగు నెలలు ఎందుకు కడతాను? ఆ అగ్రిమెంటు లేకపోతే ఈపాటికి అన్నయ్య మీద పడి తింటూ ఉండేదాన్ని. కాగితం అడిగినందుకు వదిన గయ్యాళి అయింది మా ఇంట్లో. అమ్మ ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోలేదు.

ఒక్కటి మాత్రం తక్కువైంది. ఫోన్లో నేను గర్వంగా చెప్పిన జవాబుకి ఎదురు జవాబు. అది అన్నయ్యే రాయాలి. ఆ రాత్రి ఫోన్ చేశాడు. చాలాసేపు బాయిలర్ గురించీ, పాప చదువు గురించీ మాట్లాడాడు. చివర్లో, "అమ్మడూ, ఒక ముక్క రాస్తున్నాను. చదివి మనసులో పెట్టుకోకు" అన్నాడు. పొద్దున్నే మెయిల్ వచ్చింది. నాలుగు లైన్లు. ఈ ఇంటి మీద నాకు బ్యాంకు లోను ఉంది. అద్దె రాకపోతే వాయిదా కట్టలేను. రెండు నెలలు అద్దె ఆగితే మా చెల్లెలికి నోటీసిచ్చి, ఇల్లు వేరేవాళ్ళకి అద్దెకిస్తాను. కింద సంతకం.

నిజమే కదా అందులో ఉన్నది. ఇంటి వాయిదా ఆగితే బ్యాంకు వాళ్ళు అన్నాచెల్లెళ్ళని చూస్తారా? అయినా చదువుతుంటే చెయ్యి వణికింది. వాడు అది రాయడానికి ఎంతసేపు కూర్చున్నాడో నాకు తెలుసు, మెయిల్ వచ్చిన టైము తెల్లవారుజాము మూడున్నర. ఆ ఆఫీసావిడని నేను తిట్టుకోను, ఆవిడ ముందున్న ఫారంలో ఆ గడి ఉంది, నింపాలి. నాకు కోపం ఆ గడి మీద. అన్నయ్య మంచివాడైతే నాకు రాదు, చెడ్డవాడైతేనే వస్తుంది. ఇవ్వగలడా, తీసుకుంటున్నాడా, కాగితం ఉందా అని అడగండి, చూపిస్తాం. రోడ్డు మీద పడేస్తాడా అని ఆడపిల్లని అడిగితే ఏం చెప్తుంది? మా ఊళ్ళో ఏ ఆడపిల్లనైనా అడిగి చూడండి.

ఏడు వారాలకి నిర్ణయం మారింది. ఆగిన డబ్బులన్నీ ఒకేసారి పడ్డాయి. ఆ సాయంత్రమే మొత్తం అన్నయ్యకి పంపించాను, రెఫరెన్స్ దగ్గర 'రెంట్' అని రాసి. వదిన దగ్గర్నుంచి వాట్సాప్‌లో రసీదు వచ్చింది, నెలల వారీగా, తేదీలతో సహా.

అమ్మ ఆదివారం ఫోన్ చేసింది. "ఇంకా తీసుకుంటున్నాడా వాడు నీ దగ్గర అద్దె?"

"తీసుకుంటున్నాడమ్మా."

"హు" అని, వంకాయలు కిలో ఎంతో చెప్పడం మొదలుపెట్టింది.