వగైరా సిపాయిలు

శుభలేఖలో మేనమామ పేరు వేయడం మర్చిపోతే మన ఇళ్ళలో మూడు తరాలు మాటలుండవు. ఇంత పట్టింపు పనికిరాదు. బ్రిటిష్ సామ్రాజ్యం తరఫున యుద్ధాల్లో చనిపోయినవాళ్ళ సమాధులూ స్మారకాలూ చూసుకునే కామన్‌వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్‌ను చూసి నేర్చుకోవాలి. 33 వేల మందికి పైగా సిపాయిల పేర్లు ఎగరగొట్టి, ఆ చోట అంకెలు వేసి, ఎన్ని దశాబ్దాలు హాయిగా నిద్రపోయిందో!

ఇరాక్‌లోని బస్రా స్మారకం గురించే చెబుతున్నాను. మొదటి ప్రపంచ యుద్ధంలో మెసపొటేమియాలో చనిపోయి, సమాధి కూడా తెలియనివాళ్ళ కోసం కట్టి, 1929లో ఆవిష్కరించారు. బ్రిటిష్ సిపాయికి పేరుంది. భారతీయ అధికారికీ పేరుంది. భారతీయ సిపాయి మాత్రం లెక్కలోకి వచ్చాడు, రాతిమీదికి రాలేదు.

అధికారాలు చాలక అలా చేశారనుకునేరు. కమిషన్‌ను పుట్టించిన 1917 నాటి రాజశాసనం స్థలాలు తీసుకోమంది, స్మారకాలు కట్టమంది, రిజిస్టర్లు రాయమంది. హోదా, జాతి, మతం ఏదైనా చనిపోయినవాళ్ళంతా సమానమని సూత్రం కూడా పెట్టుకున్నారు. జనరల్‌కైనా జవానుకైనా సమాధిరాయి ఎత్తు 2 అడుగుల 8 అంగుళాలే. దానిమీద కుటుంబం చెక్కించుకునే మాటలు ఖాళీలతో కలిపి 66 అక్షరాలు దాటకూడదు. అంత శ్రద్ధగా అక్షరాలు లెక్కపెట్టిన ఆఫీసే బస్రాకొచ్చేసరికి మనుషుల్ని లెక్కపెట్టి ఊరుకుంది.

ఒక ముసలితల్లి కొబ్బరికాయ పట్టుకుని బస్రా దాకా వెళ్ళిందనుకోండి.

"మా పెద్దోడు ఎక్కడున్నాడు నాయనా?"

"ఈ అంకెలో ఉన్నాడమ్మా."

"ఇందులో ఎక్కడ?"

"అలా అడిగితే ఎలా చెప్పను? ఏడులో ఉండొచ్చు, పక్కనున్న సున్నాలో ఉండొచ్చు."

"మరి కాయ ఎక్కడ కొట్టను?"

"సున్నా దగ్గర కొట్టమ్మా. గుండ్రంగా ఉంది, అందరికీ సరిపోతుంది. కొబ్బరినీళ్ళు మాత్రం అధికారుల పేర్లమీద పడనీయకు."

ఆఫ్రికాలో ఇంకా ఘోరం. గోల్డ్ కోస్ట్ (ఇప్పటి ఘనా) గవర్నరు 1923లో, అక్కడి మామూలు మనిషికి సమాధిరాయి అర్థం కాదని సెలవిచ్చాడు. రాయి అర్థం కాదట! మన పల్లెల్లో ఆవులమందను కాపాడబోయి చచ్చినవాడికి కూడా వీరగల్లు నిలబెట్టారు. కారంపూడిలో ఈనాటికీ ఏటా వీరులకు మొక్కుతారు. నల్లవాడి తల్లికి కడుపుకోత అర్థమవుతుంది కానీ కొడుకు పేరున్న రాయి అర్థం కాదా? సైన్యంలో చేర్చుకునేటప్పుడు పేరడిగారు కదరా. అప్పుడు అర్థమైంది కదా!

2021లో కమిషనే నివేదిక ఇచ్చింది. కనీసం 1,16,000 మందిని, బహుశా 3,50,000 మంది దాకా, పేరుతో కాని అసలే కాని స్మరించుకోలేదని తేలింది. బ్రిటన్ రక్షణమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పాడు. ఎవరికి చెప్పాడో వాళ్ళ పేర్లు చదవలేదు లెండి, టైముండదు.

అన్నట్టు, ఆ ముసలితల్లికి ఇంకో మాట చెప్పాలి. 1997లో ఇరాక్ అధ్యక్షుడి ఆజ్ఞతో స్మారకాన్ని ఊడదీసి, నాసిరియా దారిలో 32 కిలోమీటర్ల దూరానికి మార్చారు. కాయ అక్కడికి పట్టుకెళ్ళాలి.