జెమీమా ఊరికే కూర్చోలేదు కదా

క్రికెటర్ జెమీమా ఇన్నింగ్స్ గురించి ఒక పోస్టులో దేవుణ్ణి నమ్మితే చాలు, మనమేం చెయ్యక్కర్లేదు అన్నట్టు రాశారు, అక్కడే నాకు తేడా కొట్టిందండీ. 2025 మహిళల వన్డే వరల్డ్ కప్ సెమీస్‌లో ఆస్ట్రేలియా మీద 339 ఛేజింగ్, జెమీమా రోడ్రిగ్స్ 127 నాటౌట్, చివర్లో ఓపిక అయిపోతే దేవుడే నా తరఫున పోరాడతాడన్న వాక్యం తలుచుకుంటూ నిలబడ్డానని ఏడుస్తూ చెప్పింది. బైబిల్లో నిర్గమకాండం 14:14 అది, కానీ దాని కింది వచనం చూడండి, మొర పెట్టడం ఆపి సాగిపోమంటాడు ఆ దేవుడే!! అదే టోర్నీలో ఒక మ్యాచ్‌కి జెమీమాని పక్కన పెట్టారు, దాదాపు రోజూ ఏడ్చానంది, అయినా ఆడటం మానలేదుగా. సెమీస్‌లో 82 పరుగుల దగ్గర ఆస్ట్రేలియా కీపర్ హీలీ ఈమె క్యాచ్ వదిలేసింది, సరే అది కృపే అనుకుందాం, తర్వాతి బాల్ ఆడాల్సింది మాత్రం ఈ పిల్లే. సెంచరీకి కూడా సెలబ్రేషన్ లేదు, మ్యాచ్ ఇంకా అవ్వలేదు మరి.