దిష్టిగారూ, మీ మీద పెట్టినవన్నీ దొంగకేసులే

గుంటూరు, బ్రాడీపేట,
రాత్రి తొమ్మిదిన్నర.

మహారాజశ్రీ దిష్టిగారికి,

నమస్కారాలు. మీరు క్షేమంగానే ఉంటారు. మిర్చియార్డు ఉన్న ఊళ్ళో మీకు తిండికి లోటేమిటి? రాళ్ళుప్పు ప్రతి వంటింట్లోనూ ఉంది, బూడిదగుమ్మడికాయ గుమ్మం గుమ్మానికీ వేలాడుతోంది. ఈ ఉత్తరం మిమ్మల్ని తిట్టడానికి కాదు, మీ తరఫున వాదించడానికి.

కేసు ఎప్పుడూ ఒకటే. రెండు నెలల చంటిది సాయంత్రం ఆరున్నరకి రాగం అందుకుంటే తొమ్మిదైనా ఆపదు. పాలిస్తే రెండు గుక్కలు తాగి వదిలేస్తుంది. భుజాన వేసుకుంటే ఒళ్ళు విరుచుకుని వెనక్కి వాలిపోతుంది. కళ్ళు మూతలు పడుతూనే ఉంటాయి, నిద్ర మాత్రం రాదు. పక్కవాటా పిన్నిగారు గుమ్మంలోంచే ఒక్క చూపు చూసి, "దిష్టి తగిలిందమ్మా, పొద్దున ఎవరొచ్చారేంటి?" అంటుంది. అంతటితో దర్యాప్తు ముగిసింది. లంగోటా విప్పి చూసినవాళ్ళు లేరు. మెడ వెనక చెయ్యి పెట్టి చూసినవాళ్ళు లేరు. ఇందాక ఎన్నింటికి నిద్ర లేచిందని అడిగినవాళ్ళు అసలే లేరు. నేరం మీ నెత్తిన పడింది, అసలు దొంగలు ఇంట్లోనే హాయిగా తిరుగుతున్నారు.

ఇక సాక్ష్యం సంగతి. ఎండుమిరపకాయలూ ఉప్పూ మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేస్తారు. ఘాటు రాకపోతే "చూశావా, ఎంత దిష్టో!" ఘాటొస్తే "అమ్మయ్య, పోయింది." ఎటు తిప్పినా ముద్దాయి మీరే. పైగా ఇది గుంటూరు. తేజ రకం నాలుగు కాయలు కాలాయంటే కింది వాటావాళ్ళు కూడా దగ్గుతారు. మరి ఆ పొగ చంటిదాని ముక్కులోకి పోదా? నెలల పిల్లలు దాదాపుగా ముక్కుతోనే గాలి పీలుస్తారు. లోపలి పొర కాస్త వాచినా పాలు తాగడం, గాలి పీల్చడం రెండూ ఒకేసారి కుదరవు. అందుకే రెండు గుక్కలు తాగి వదిలెయ్యడం, మళ్ళీ ఏడుపు. స్నానం చేయించాక పట్టే సాంబ్రాణి ధూపమూ, మంచం కింది దోమల కాయిల్ చుట్టా చేసే పని కూడా ఇదే. దోమతెర కట్టి, ఈ పొగలన్నిటినీ ఇంటి బయటికి పంపాలి. ముక్కు గురగురమంటుంటే పాలివ్వబోయే ముందు ఒక్కో రంధ్రంలో సెలైన్ చుక్కలు ఒకటో రెండో వేస్తే చాలు. నీళ్ళు పోసే ఆవిడ ముక్కులో నూనె చుక్క వేస్తానంటే మాత్రం చెయ్యి పట్టుకుని ఆపాలి. ఆ నూనె ఊపిరితిత్తుల్లోకి దిగితే న్యుమోనియా రావచ్చు.

మీ పేరుతో తిరుగుతున్న దొంగల్లో అందరికన్నా పెద్దవాడు అలసట. ఆడి ఆడి అలిసిపోతే హాయిగా పడుకుంటుందని పెద్దవాళ్ళ లెక్క. పసిపిల్లల దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. నెలలోపు బిడ్డ ఒక దఫాలో మెలకువగా ఉండగలిగేది ముప్పావుగంట, మహా అయితే గంట. అదీ పాలు తాగే సమయంతో కలిపి. రెండు మూడు నెలలకి గంట నుంచి గంటన్నర. నాలుగో నెలకి గంటన్నర, రెండు గంటలు. పిల్లకీ పిల్లకీ కొంత తేడా ఉంటుంది. మొదటి మూడు నెలల్లో రోజు మొత్తం మీద 14 నుంచి 17 గంటల నిద్ర కావాలి. మెలకువకి ఉన్న ఆ గీత దాటితే ఒళ్ళు నిద్రలోకి జారడం మానేసి గాబరాలో పడుతుంది. ఒళ్ళు విరుచుకోవడం, పిడికిళ్ళు బిగించడం, గుక్కపెట్టడం అన్నీ దాని తర్వాతవే. గీత దాటకముందు కూడా గుర్తులుంటాయి గానీ అవి చప్పుడు చెయ్యవు. బిడ్డ మన మొహం మీంచి చూపు తిప్పుకుని ఎటో గోడకేసి చూస్తూ ఉండిపోతుంది, కనుబొమల దగ్గర లేత ఎరుపు వస్తుంది, ఆ తర్వాత ఒక ఆవలింత. ఆ ఎరుపు కనపడగానే గదిలోకి తీసుకుపోతే పది నిమిషాల పని. ఆవలించిందని ముద్దొచ్చి, తాతయ్యకి వీడియో కాల్ చేసి చూపిస్తే గంటన్నర పని.

అందుకే మొదటి ప్రశ్న "ఎవరొచ్చారు" కాదు, "ఎన్నింటికి లేచింది" అని. క్యాలెండరు వెనక రెండు రోజులు లేచిన టైము, పడుకున్న టైము రాసి చూడండి. సగం కేసులు అక్కడే కొట్టేస్తారు.

ఇక్కడ మీ వ్యతిరేకులకి కూడా ఒక మాట ఒప్పుకోవాలి. బారసాల రోజు రాత్రి బిడ్డ ఊరంతా వినపడేలా ఏడుస్తుంది, నిజమే. వాళ్ళు చూసింది తప్పు కాదు, చెప్పిన కారణమే తప్పు. ఇరవయ్యొక్క రోజుల గుడ్డు. పొద్దుటి నుంచి పాతికమంది చేతులు మారింది. ఒక్కొక్కరిది ఒక్కో సెంటు. జరీ గౌను మెడ దగ్గర గీరుతోంది. మైకు సెట్టు, ఫోటోగ్రాఫరు లైటు, మధ్యాహ్నం పడాల్సిన రెండు నిద్రలూ గోవిందా. నరుడి కంటికి నల్లరాయి పగిలితే పగలనివ్వండి, బిడ్డని అలగ్గొట్టింది చూసిన కళ్ళు కాదు, ఎత్తుకున్న చేతులు.

రెండో దొంగ వేడి. అవతల విజయవాడని ఊరికే బ్లేజ్‌వాడ అనలేదు, మనదీ ఏం తక్కువ కాదు. కృష్ణ ఒడ్డునైనా ఇక్కడైనా వేసవి రాత్రి ఎండ పోయినా ఉక్క పోదు. అయినా బాలింత గదిలో కిటికీలు మూసి, బిడ్డకి టోపీ, సాక్సులు తొడిగి, పొత్తిగుడ్డలో చుట్టి, పక్క తడవకుండా రబ్బరు షీటు మీద పడుకోబెడతారు. అరిచేతులు చల్లగా ఉన్నాయని ఇంకో గుడ్డ కప్పుతారు. పసిపిల్లల చేతులు, కాళ్ళు చల్లగా ఉండటం మామూలే. చూడాల్సింది మెడ వెనక, లేదా గుండెల మీద. అక్కడ చెమట తగిలితే బిడ్డ ఉడికిపోతున్నట్టే. ఇంట్లో టోపీ అక్కర్లేదు. పల్చటి నూలు చొక్కా ఒక్కటి, రబ్బరు షీటు మీద రెండు మడతల నూలుగుడ్డ, ఫ్యాను గాలి మొహానికి సూటిగా తగలకుండా. ఏసీ ఉంటే 25, 26 దగ్గర పెట్టండి. మెడ మడతల్లో చెమటకాయలుంటే తడిగుడ్డతో ఒత్తి ఆరనివ్వండి, పౌడరు దట్టించకండి. దాహమేస్తుందని నీళ్ళు పట్టొద్దు. ఆరు నెలలు నిండేదాకా ఎంత ఎండలోనైనా పాలే చాలు, కాకపోతే ఎక్కువసార్లు ఇవ్వాలి.

మూడోవాడు బిగుసుకున్న వెంట్రుకో, తాడో. మీకు దూరపు చుట్టం, చెప్పడానికి కాస్త మొహమాటంగా ఉంది. ఎంతకీ ఆగని ఏడుపైతే లైటు వేసి బిడ్డని పూర్తిగా విప్పి చూడాలి. కాలి వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి చూడాలి. కాన్పయిన కొన్ని నెలలకి తల్లికి జుట్టు బాగా రాలుతుంది. ఒక్క వెంట్రుక సాక్సులో చిక్కి వేలికి చుట్టుకుంటే బయటికి కనపడదు. ఎర్రగా ఉబ్బిన వేలు, మధ్యలో సన్నటి గాడి, అంతే. తేలిగ్గా రాకపోతే వెంటనే డాక్టరు దగ్గరికి పరుగెత్తాలి, ఆలస్యమైతే వేలికే ముప్పు. ఆ తర్వాత మొలతాడు, మణికట్టు, కాలి నల్లతాడు చూడాలి. నెల కింద కట్టిన తాడు అలాగే ఉంది, చెయ్యి మాత్రం బొద్దుగా అయింది. తాడు కింద ఎర్రగా ఒరిసి తడిగా ఉంటుంది. మీరు రాకుండా కట్టిన తాడే బిడ్డని ఏడిపిస్తుంటే, ఏడుపు మీ వల్లేనని ఇంకోటి కడతారు! కాటుక చుక్క పెట్టి తీరాలంటే అరికాలికి పెట్టుకోమనండి. కంట్లో మాత్రం వద్దు, కొన్ని కాటుకల్లో సీసం ఉంటుంది.

కడుపు సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఎక్కువ చెప్పం. రోజుకి 8 నుంచి 12 సార్లు పాలు, ఆరు తడి లంగోటాలు ఉంటే ఆకలి కేసు కాదు. సాయంత్రం గంటగంటకీ తాగాలని చూస్తే పాలు తక్కువయ్యాయని కంగారు పడక్కర్లేదు, చాలామంది పిల్లలు ఆ వేళకి అలాగే తాగుతారు. తాగాక నిటారుగా భుజాన వేసుకుని పది నిమిషాలు వీపు నిమిరితే తేన్పు వస్తుంది, రాకపోయినా ప్రాణం మీదికి రాదు. వసకొమ్ము అరగదీసి నాకించడం, ఆముదం, తేనె వద్దు. ఏడాదిలోపు తేనె బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు తేవచ్చు. గ్రైప్ వాటర్ 1851లో ఇంగ్లండులో పుట్టింది, పాత రకంలో ఆల్కహాలు ఉండేది. అప్పటి పిల్లలు తాగి ఎందుకు పడుకునేవారో వేరే చెప్పాలా? ఇప్పుడు ఆల్కహాలు లేదు, అవసరమూ లేదు.

ఇక చీర ఉయ్యాల. దాన్ని ఒక్క మాటంటే అమ్మమ్మలు ఊరుకోరు. అయినా చెప్పాలి. పసిబిడ్డ నిద్ర 40, 50 నిమిషాలకో విడత. విడత చివర కాస్త మెలకువ వస్తుంది. ఊగుతూ పడుకున్నది కళ్ళు తెరిస్తే ఊపు ఆగిపోయి ఉంటుంది, కెవ్వుమంటుంది. పైగా చీర మడతలో ఒళ్ళు వంగి గడ్డం గుండెకి తగిలితే గాలి ఆడదు. అందుకని అందులో వదిలేసి వంటింట్లోకి పోకూడదు. గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టాలి. ఆవాల దిండుతో సహా ఏ దిండూ వద్దు. ఎత్తుకుని నిద్రపుచ్చినా 15, 20 నిమిషాలు ఆగి, బిడ్డ చెయ్యి పైకెత్తి వదిలితే వాలిపోయినప్పుడే దించాలి. ముందు పిరుదులు, తర్వాత వీపు, చివర తల. తల ముందు దించితే పడిపోతున్నట్టు ఉలిక్కిపడి చేతులు చాస్తుంది. గుండెల మీద అరచెయ్యి ఒక నిమిషం ఉంచి మెల్లగా తియ్యాలి.

మీ కేసుల్లో రచ్చకెక్కేవి అయిదో నెలవి. పుట్టింట్లో చక్కగా పడుకున్న పిల్ల అత్తారింటి గడప తొక్కగానే రాత్రికి నాలుగుసార్లు లేస్తోంది. "ఆ ఇంటి దిష్టి" అని ఇటువాళ్ళు, "దారిలో తగిలింది" అని అటువాళ్ళు. నాలుగు నెలల ప్రాంతంలో పిల్లల నిద్ర తీరే మారుతుంది, పుట్టింట్లో ఉన్నా లేచేదే. మీ వల్ల వియ్యపురాళ్ళు మాట్లాడుకోవడం మానేశారు.

మరి దిష్టి తీశాక ఏడుపు ఆగుతుంది కదా అంటారు. ఆగుతుంది. దిష్టి తీయాలంటే వచ్చినవాళ్ళని పంపేస్తారు, టీవీ కట్టేస్తారు, తల్లి బిడ్డని ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూచుంటుంది, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి" అంటూ ఒక గొంతు నెమ్మదిగా, ఒకే లయలో సాగుతుంది. మిరపకాయలు తీసేసి చూడండి, బిడ్డకి కావలసినవన్నీ అందులోనే ఉన్నాయి. పైగా రెండు వారాల నుంచి పెరిగి ఆరో వారానికి శిఖరానికెక్కే ఈ సాయంత్రపు ఏడుపు, పొద్దుపోయేకొద్దీ దానంతటదే తగ్గుతుంది, మూడు నాలుగు నెలలకి పోతుంది. ఆ పేరూ మీకే.

ఒక్క చోట మాత్రం వేళాకోళం లేదు. మూడు నెలల్లోపు బిడ్డకి 100.4 డిగ్రీలు, అంతకన్నా ఎక్కువ జ్వరం, పాలు పూర్తిగా మానెయ్యడం, పిలిచినా లేవని మగత, ఆకుపచ్చ వాంతి, మలంలో రక్తం, మాడు ఉబ్బడం, డొక్కలెగరేస్తూ ఊపిరి, ఎప్పుడూ లేని కీచు ఏడుపు. వీటిలో ఏది కనపడినా తెల్లారేదాకా ఆగొద్దు, ఉప్పు తిప్పొద్దు. కొత్తపేటో, బెజవాడ సూర్యారావుపేటో, దగ్గరున్న పిల్లల ఆసుపత్రికి వెళ్ళాలి, బండి లేకపోతే 108.

మిగతా రాత్రులకి మీకో మనవి. గుమ్మానికి కట్టిన గుమ్మడికాయ దగ్గరే డ్యూటీ చేసుకోండి. గదిలో చిన్న దీపం తప్ప అన్నీ ఆర్పేశారు, చంటిది ఇప్పుడే కళ్ళు మూసింది. పిన్నిగారితో కలిసి పరామర్శకి వస్తే రండి గానీ, కాలింగ్ బెల్ మాత్రం నొక్కకండి.

ఇట్లు,
మీ తరఫు వకీళ్ళు