నెలసరి ఆగాక బరువులెత్తకూడదా? ఎత్తకపోతేనే నష్టం

"నెలసరి ఆగిన ఆడవాళ్లు బరువులెత్తకూడదు, ఎముకలు విరుగుతాయి. హార్మోన్ లేని వయసులో కండ ఎలాగూ పెరగదు. రోజూ నడిస్తే చాలు, షుగర్ దారికొస్తుంది. ప్రొటీన్ పెంచితే కిడ్నీలు పోతాయి." ఫోన్ల నిండా తిరుగుతున్న ఈ సందేశంలో రెండు పచ్చి తప్పులు, రెండు సగం నిజాలు ఉన్నాయి. సగం నిజాలతోనే ఎక్కువ నష్టం.

నడక సంగతే ముందు చూద్దాం. నడక గుండెకు మేలు చేస్తుంది. తిన్న తర్వాత పది పదిహేను నిమిషాలు నడిస్తే ఆ పూట షుగర్ అంతగా ఎగబాకదు. కాదనేది లేదు. కానీ చదును నేల మీద నడిచేటప్పుడు కాళ్లు తమ బలంలో కొద్ది భాగమే వాడతాయి. బరువెత్తడానికి, తూలినప్పుడు చటుక్కున నిలదొక్కుకోవడానికి పనికొచ్చే వేగపు కండపోగులకు అందులో పెద్దగా పని పడదు. వయసుతో ఎక్కువగా సన్నబడేవీ అవే. ఇన్సులిన్ రక్తంలోంచి తోసే గ్లూకోజ్‌లో ఎక్కువ భాగం కండరాల్లోకే వెళ్తుంది. పనిచేస్తున్న కండరమైతే ఇన్సులిన్ సాయం లేకుండా కూడా గ్లూకోజ్‌ని లాక్కుంటుంది. నెలసరి ఆగేటప్పుడు ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తగ్గాక కొవ్వు పొట్ట లోపల చేరడం ఎక్కువవుతుంది. అదే సమయంలో కండ కూడా తరిగితే గ్లూకోజ్ దాచుకునే చోటు తగ్గి, ఇన్సులిన్ పనికి అడ్డుపడే కొవ్వు పెరుగుతుంది. తూకంలో మాత్రం అంకె కదలకపోవచ్చు. అందుకే నడుము చుట్టుకొలత కూడా రాసిపెట్టుకోండి.

"కండ పెరగదు" అన్నది శుద్ధ తప్పు. 1990లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో సగటున 90 ఏళ్లున్న బలహీనులైన వృద్ధులు ఎనిమిది వారాలు కాళ్లకు గట్టి బరువులతో సాధన చేశారు. వారి బలం సగటున 174 శాతం, తొడ కండ దాదాపు 9 శాతం పెరిగాయి. మొదటి వారాల్లో వచ్చే బలం ఎక్కువగా నరాలు నేర్చుకున్నదే, కండ ఆ తర్వాత వస్తుంది. నెల తిరక్కుండానే "ఏమీ మారలేదు" అని మానేసేవాళ్లు నష్టపోయేది ఇక్కడే.

ఇక ఎముకలు. ఆస్ట్రేలియాలో జరిగిన లిఫ్ట్‌మోర్ అనే అధ్యయనం ఫలితాలు 2018లో అచ్చయ్యాయి. ఎముక సాంద్రత తగ్గిన 101 మంది మహిళలను, అందరూ నెలసరి ఆగినవాళ్లే, రెండు బృందాలు చేశారు. ఒక బృందం శిక్షకుల పర్యవేక్షణలో 8 నెలలు, వారానికి రెండుసార్లు, అరగంట చొప్పున బరువులెత్తింది. వాళ్ల నడుము వెన్నెముక సాంద్రత 2.9 శాతం పెరిగింది. ఇంట్లో తేలికపాటి వ్యాయామం చేసిన బృందంలో 1.2 శాతం తగ్గింది. అలాగని రేపే భారీ బరువు పట్టమని కాదు, వాళ్లు కూడా మెల్లగానే మొదలుపెట్టారు. వెన్నుపూస ఇప్పటికే విరిగినవాళ్లు నడుము వంచి, మెలితిప్పి బరువెత్తకూడదు. వాళ్లు ఫిజియోథెరపిస్ట్ దగ్గరే మొదలుపెట్టాలి.

మొదలుపెట్టేముందు చిన్న కొలత: చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి. 12 సెకన్లు, అంతకు మించి పడితే కాళ్ల బలం తక్కువగా ఉన్నట్టే (ఆసియా నిపుణుల బృందం 2019లో పెట్టిన గీత ఇది). తర్వాత వారానికి రెండు రోజులు, మధ్యలో కనీసం ఒక రోజు విరామంతో: కుర్చీలోంచి లేవడం, గోడకు పుషప్, రబ్బరు పట్టీని వెనక్కి లాగడం, వీపు నిటారుగా ఉంచి తుంటి దగ్గర వంగి బరువెత్తడం, మడమలు లేపడం. ఒక్కోటి 8–12 సార్లు, రెండు మూడు సెట్లు. ఇంకో రెండుసార్లు చేయగలననిపించేటప్పుడు ఆపాలి. అన్ని సెట్లలోనూ 12 సులువుగా వస్తున్నాయంటే బరువు కొంచెం పెంచాలి. ఏళ్ల తరబడి అదే కిలో డంబెల్ పట్టుకుంటే శరీరానికి మారే అవసరమే రాదు. లేపేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు, బీపీ ఒక్కసారిగా ఎగురుతుంది. లేపుతూ ఊపిరి వదలండి. ఇన్సులిన్ గానీ గ్లిమెపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడేవాళ్లు వ్యాయామానికి ముందు, తర్వాత షుగర్ చూసుకోవాలి, పడిపోవచ్చు.

ప్రొటీన్ మాటకొస్తే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవయసువాళ్లకు కిలో శరీర బరువుకు రోజుకు 1–1.2 గ్రాములు కావాలని నిపుణుల సూచన. 60 కిలోలుంటే 60–72 గ్రాములు, మూడు పూటలకు పంచితే పూటకు 20–24. బాగా పనిచేస్తున్న కిడ్నీలను ఈ మోతాదు పాడుచేస్తుందనడానికి ఆధారం లేదు. కిడ్నీ జబ్బు ముందే ఉన్నవాళ్ల లెక్క వేరు. షుగర్, బీపీ ఉన్నవాళ్లలో ఆ జబ్బు బయటికి తెలియకుండా ఉండొచ్చు కాబట్టి, ప్రొటీన్ పెంచేముందు రక్తంలో క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష చేయించుకుని, తేడా ఉంటే ఎంత తినాలో డాక్టర్‌నే అడగాలి.