ఉప్పాడకు కావాల్సింది బురద కాదు, ఇసుక

కాకినాడ దగ్గర సముద్రం కోసేస్తున్న ఉప్పాడ ఒడ్డు నిలవాలంటే రాళ్లు కాదు, ఇసుక పోయాలని ఒక వ్యాసంలో చదివాను. ఆ మాట నూటికి నూరుపాళ్లు నిజం. మా అమ్మమ్మ కాపురానికొచ్చిన ఇల్లు ఇప్పుడు సముద్రంలో ఉంది. పోటు తగ్గినప్పుడు నూతి ఒర ఒక్కటే పైకి కనిపిస్తుంది. జియోట్యూబు (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టం) గోడ వేశారు, అదీ దెబ్బతింది. తుఫాను వస్తే చాలు, బీచ్ రోడ్డు కోసుకుపోతుంది.

అసలు ఈ తీరానికి ఇసుక పెట్టింది గోదారే. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట వచ్చింది. తర్వాత పైన జాయక్‌వాడీ, శ్రీరాంసాగర్ లాంటి డ్యాములు కట్టాక ఒండ్రు చాలావరకు రిజర్వాయర్లలోనే ఆగిపోతోంది. మిగిలింది నదిలో ఇసుక తవ్వే ర్యాంపుల్లో లారీలకెక్కుతోంది.

విశాఖలో పోర్టు దగ్గర తవ్విన ఇసుకను ఆర్కే బీచ్ వైపు పోస్తున్నారు కదా, కాకినాడ పోర్టు డ్రెడ్జింగ్‌లో (ఓడల దారి కోసం అడుగు తవ్వడం) వచ్చేదాన్నీ అలా వాడుకోవచ్చు. కానీ అక్కడ చాలాచోట్ల వచ్చేది మెత్తని బురద. అది పోస్తే నాలుగు అలలకే నీళ్లలో కలిసిపోతుంది. వేళ్ల మధ్య నలిపితే గరగరమనే ఇసుకే ఒడ్డున నిలుస్తుంది. అందుకే ముందు ఎక్కడ ఏ రకం ఉందో శాంపిల్ తీసి చూడాలి. హోప్ ఐలాండ్ ఇసుక జోలికి మాత్రం దయచేసి వెళ్లొద్దు, కాకినాడకు అలల నుంచి అడ్డుగా ఉన్నది ఆ ఇసుక దిబ్బే.